పాత ఫోటోలు, దాచుకున్న వస్తువులు: అపోహలు - వాస్తవాలు

కుటుంబాల దగ్గరున్న ఫోటోలు, ఉత్తరాలు, వస్తువులు సేకరించి భద్రపరచడం నా పని. ఎవరింటికి వెళ్లినా ముందు వినేది ఒకటే.

అపోహ: "మా ఇంట్లో చరిత్ర ఏముందండీ, అన్నీ పెళ్లి ఫోటోలే!"

అక్కడే ఉంది. గ్రూప్ ఫోటోలో ఎవరు కుర్చీలో కూర్చున్నారు, ఎవరు చివర నిలబడ్డారు, ఎవరి కాళ్లకు చెప్పులు లేవు, వెనక వీధి ఎలా ఉంది, ఇవన్నీ చూడండి. ఇవి ఏ ప్రభుత్వ రికార్డులోనూ దొరకవు. వలస వెళ్లినవాళ్లకు, కూలిపని చేసినవాళ్లకు చాలాసార్లు మిగిలే సాక్ష్యం ఇదొక్కటే. జీతం చీటీ, కుట్టుమిషన్ కొన్న రసీదు కూడా పారేయకండి.

అపోహ: లామినేషన్ చేయిస్తే భద్రం.

దయచేసి చేయించకండి! ఆ వేడికి, జిగురుకు ఫోటో పాడవుతుంది, మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. జిగురు పేజీల ఆల్బమ్‌లూ అంతే. పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్ల నుంచి కాలక్రమంలో ఆమ్లం విడుదలవుతుంది, వాటి బదులు పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ ప్లాస్టిక్ కవర్లు వాడండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగొద్దు, అద్దంతో సహా స్కాన్ చేయండి.

అపోహ: ఏఐతో బాగుచేయిస్తే పాత ముఖం తిరిగొస్తుంది.

రాదు. చెరిగిపోయిన చోట అది ఊహించి గీస్తుంది. సరదాకి చేయించుకోండి, కానీ మార్చని కాపీ విడిగా ఉండాలి.

అపోహ: స్కాన్ చేశాం, పని అయిపోయింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. చిన్న ఫోటోలైతే కనీసం 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో స్కాన్ చేసి, నాణ్యత తగ్గించని టిఫ్ (TIFF) ఫైలుగా దాచాలి (వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది), వెనకవైపు కూడా స్కాన్ చేయాలి, ఎందుకంటే స్టూడియో ముద్ర, తేదీ, చేతిరాత అక్కడే ఉంటాయి. ఇంత చేసినా పేర్లు లేకపోతే వాళ్లెవరో మనవళ్లకే తెలియదు. అందుకే పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక్కో ఫోటో చూపిస్తూ అడగండి, వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. "ఫలానా ఆయన భార్య" అని సరిపెట్టకుండా ఆమె పేరు కనుక్కోండి. బాల్‌పెన్ వద్దు, వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో నెమ్మదిగా రాయండి. ఎవరో తెలియకపోతే తెలియదనే రాసి, ఆ ఫోటో ఎవరి ఆల్బమ్‌లోదో పక్కన చేర్చండి.