బరువైన బండికి బ్రేక్ ప్యాడ్లు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో బ్రేకుల పని చేసే నాకు రోజూ వినబడే మాట: "అన్నా, బండి హెవీ, నేను కొంచెం స్పీడుగా పోతా, రేసు ప్యాడ్లు వేసెయ్." బరువు రెట్టింపైతే బ్రేకుల్లో పుట్టే వేడి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం నాలుగింతలు. కాబట్టి ప్యాడ్, అంటే డిస్కును నొక్కిపట్టి బండిని ఆపే బిళ్ళ, ఎంచుకోవడమంటే వేడి లెక్క చూసుకోవడమే.

అపోహ: రేసు ప్యాడ్లు ఎక్కడైనా బాగా పడతాయి.
అవి బాగా వేడెక్కితేనే పడతాయి. పొద్దున్నే బండి తీసి లీలామహల్ సర్కిల్ దాకా వచ్చేసరికి ఆ వేడి రాదు. ఎవరైనా అడ్డమొస్తే ఏం చేస్తారు? చాలా ప్యాడ్ల మీద కోడ్ చివర రెండు అక్షరాలుంటాయి, చూడండి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలాక పట్టు. ఎఫ్‌ఎఫ్, జీజీ అంటే రెండుచోట్లా ఒకే శ్రేణి. ఎఫ్‌ఈ అంటే కాలాక పట్టు తగ్గుతుంది. బరువైన బండికి నేనది వెయ్యను.

అపోహ: సెరామిక్ ప్యాడ్లు ఖరీదు, కాబట్టి అవే మేలు.
దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ. ఊళ్ళో తిరగడానికి హాయి. ఘాట్లలో హుషారుగా నడిపే పెద్ద బండికి మాత్రం మంచి సెమీ మెటాలిక్ (లోహం కలిపి చేసిన) ప్యాడ్ల వైపే నా మొగ్గు. కాస్త చప్పుడు, చక్రాల మీద నల్ల పొడి భరించాలి.

అపోహ: ప్యాడ్లు మారిస్తే చాలు.
ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొగిలి ఘాట్ దిగుతుంటే పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగట్లేదంటే ప్యాడ్లు కాలి పట్టు వదిలాయని. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోందంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొచ్చాయని. అప్పుడు ఎంత ఖరీదైన ప్యాడ్ అయినా ఏం చేస్తుంది? డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చండి. ఈ ఒక్క విషయంలో బతిమాలైనా చెబుతాను.

అపోహ: కొత్త ప్యాడ్లతో నేరుగా కొండెక్కొచ్చు.
ముందు ఖాళీ రోడ్డు మీద వేగాన్ని గంటకు 60 కిలోమీటర్ల నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించాలి. తర్వాత బ్రేక్ తొక్కకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి.

తిరుమల నుంచి దిగేటప్పుడు చిన్న గేరులోనే రండి. ఆటోమేటిక్ అయినా గేరు తగ్గించుకోవచ్చు. కింద అలిపిరిలో ఆగాక పెడల్ తొక్కిపట్టి కూర్చోవద్దు, కాలిన డిస్కుల మీద నీళ్ళు అసలే పోయొద్దు.