సాయం పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం చేరింది. పేద విద్యార్థులు కాలేజీ చదువు మధ్యలో మానేయకుండా ఆదుకునే పథకాల మీద పెద్దలు ఏళ్ల తరబడి పరిశోధనలు చేస్తారని విని, "ఆ పరిశోధనకయ్యే డబ్బు కూడా ఆ పిల్లలకే ఇచ్చేయవచ్చు కదా తాతయ్యా?" అని అడిగారు. మంచి మనసున్నవారికే తోచే ప్రశ్న అది. అందుకే తీరిగ్గా కూర్చుని జవాబు రాస్తున్నాను.

ఒక చిల్లు కుండను ఊహించుకోండి. బిందెలకు బిందెలు పోస్తున్నా అది నిండడం లేదు. పోసేవాడు నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాడు, చూసేవాడు కుండే మంచిది కాదని తేల్చేస్తాడు. ఇద్దరిలో ఒక్కరూ దాన్ని పైకెత్తి అడుగు చూడరు. పేదింటి విద్యార్థి చదువూ అలాగే కారిపోతుంది. ఫీజు ఒక చిల్లు, రానూపోనూ ఛార్జీలు ఒక చిల్లు, పుస్తకాలు ఒకటి, ఇల్లు గడవడం కోసం రాత్రిళ్లు చేసే ఉద్యోగం మరొకటి. ఏ కోర్సు తీసుకోవాలో, ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలో చెప్పగల పెద్దదిక్కు ఇంట్లో లేకపోవడం ఎవరి కంటికీ ఆనని చిల్లు. ఫీజు ఒక్కటీ మాఫీ చేసి, ఇంకా ఎందుకు మానేస్తున్నారని ఆశ్చర్యపోతే లాభం లేదు. కుండను పైకెత్తి చూడడమే పరిశోధనలో మొదటి పని.

నా చిన్నప్పుడు మా తరగతిలో లెక్కల్లో అందరికన్నా చురుకైన అబ్బాయి ఒకడుండేవాడు. ఫీజు రాయితీ కోసం ఇచ్చిన దరఖాస్తు కాగితం వాడి పుస్తకంలోనే ఉండిపోయి గడువు దాటిపోయింది. తీసి చూసి, మళ్లీ పెట్టీ పెట్టీ మడతల దగ్గర కాగితం చిరిగింది కానీ, అందులో ఒక్క గడి కూడా నిండలేదు. వాళ్లింట్లో చదువు వచ్చినవారు లేరు, ఇతరులను అడగడానికి వాడికి అభిమానం అడ్డొచ్చింది. వాడు బడి మానేస్తే అందరూ శ్రద్ధ లేదనే అనుకున్నారు.

చాలా ఏళ్ల తర్వాత, అమెరికాలో 2008లో జరిగిన ఒక పరిశోధన గురించి చదువుతుంటే నాకు వాడే గుర్తొచ్చాడు. ఆదాయపు పన్ను లెక్కలు రాయించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయం గల కుటుంబాల్లో కొందరికి, కాలేజీ ఆర్థిక సాయం దరఖాస్తును అక్కడికక్కడే నింపిపెట్టారు. మరికొందరికి ఎంత సాయం వస్తుందో లెక్కగట్టి చెప్పి, మీరే దరఖాస్తు చేసుకోండని పంపారు. దరఖాస్తు నింపిపెట్టిన ఇళ్లలో, హైస్కూలు చివరి ఏడాది చదువుతున్న పిల్లలు కాలేజీలో చేరడం నూటికి సుమారు 8 మంది చొప్పున పెరిగింది. వివరాలు చెప్పి ఊరుకున్న చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మరి కుండ నిండింది చిల్లు పూడ్చినందువల్లేనని ఎలా చెప్పగలం? పథకంలో చేరినవారు మొదటినుంచీ పట్టుదల గలవారైతే, అది లేకపోయినా గట్టెక్కేవారేమో! అందుకని ఒకే రకం కుండలను రెండు వరుసలుగా పేర్చి, ఒక వరుసకు మాత్రం చిల్లులు పూడ్చి, రెండింటినీ ఒకే కాలం పాటు గమనించాలి. ఏది ఏ వరుసలోకి వెళ్లాలో లాటరీయే తేలుస్తుంది. విద్యార్థులు చదువు ఆపకుండా త్వరగా పట్టా పొందేలా ఆదుకోవడానికి న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన ఏ.ఎస్.ఏ.పి. అనే పథకాన్ని అలాగే పరీక్షించారు. పూర్తికాలం చదవాలన్న షరతు మీద ఫీజులో మిగిలిన లోటును భర్తీ చేశారు, పుస్తకాలు, ప్రయాణానికి పాసులు ఇచ్చారు. సలహాదారు ఒక్కొక్కరికి 60 నుంచి 80 మంది విద్యార్థులనే అప్పగించారు కనుక ప్రతి విద్యార్థినీ తరచుగా పలకరించడానికి వీలైంది. అంటే చిల్లులన్నీ ఒకేసారి పూడ్చే ప్రయత్నం. మూడేళ్లు గడిచేసరికి పథకంలో ఉన్నవారిలో నూటికి 40 మంది, లేనివారిలో 22 మంది పట్టా పొందారు. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగింది నిజమే, కానీ ఆ ఖర్చును వచ్చిన పట్టాలతో భాగించి చూస్తే ఒక్కో పట్టాకైన ఖర్చు తగ్గింది. తర్వాత అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీలు ఇదే పద్ధతి అనుసరిస్తే అక్కడా దాదాపు అలాంటి ఫలితమే వచ్చింది. పిల్లలూ, పరిశోధన మీద పెట్టిన డబ్బు ఆ రెండో చోటి విద్యార్థులకు అలా చేరింది.

లాటరీలో పేరు రానివారికి అన్యాయం కాదా అని మీరు తప్పక అడుగుతారు. సీట్లు అందరికీ చాలనప్పుడు సిఫార్సుల కన్నా లాటరీయే న్యాయమని నా నమ్మకం. పేరు రానివారికి కాలేజీ మామూలుగా ఇచ్చే సాయం ఏదీ ఆగదు. అయితే కుండను అడగనక్కర్లేదు, మనిషిని అడిగి తీరాలి. ఏం చేస్తున్నామో ముందే చెప్పి ఒప్పుకుంటేనే చేర్చుకోవాలి, ఇష్టం లేనప్పుడు తప్పుకోనివ్వాలి, వారి కష్టాలను బయటపెట్టకూడదు. పైగా ఆ 40 మందిని చూసి మురిసిపోతే, మిగిలిన 60 మంది సంగతేమిటి? అంకెలు ఆ సంగతి చెప్పలేవు. వారి ఎదుట కూర్చుని ఓపికగా వినాలి. అంత సాయం అందుకున్నా కొందరు ఎందుకు ఆగిపోతారో, ఏ సాయమూ లేకుండా కొందరు ఎలా దాటిపోతారో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీకు తెలిసిన కాలేజీ విద్యార్థి ఎవరైనా ఉంటే, "ఈ ఏడాది చదువు మానేద్దామని ఎప్పుడైనా అనిపించిందా? అప్పుడు ఏముంటే బాగుండేది?" అని అడగండి. చెప్పడానికి ఇష్టపడకపోతే వదిలేయండి. చెబితే మధ్యలో అడ్డురాకుండా విని, వారి మాటల్లోనే రాసి నాకు పంపండి. ఆ కాగితం మీద వారి పేరు మాత్రం రాయకండి.

ప్రేమతో,
మీ తాతయ్య