చెట్టు మీద కప్పీ కట్టే ముడి: అపోహలు – వాస్తవాలు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వరసగా కూలిపోయాయి. ఆ తర్వాత నెలల తరబడి మా పనంతా ఇళ్ల మీద ఒరిగిన చెట్లను ముక్కలు ముక్కలుగా దించడమే. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ రంపం గురించి అడిగేవారు, తాడు మందం గురించి అడిగేవారు. పైన కప్పీని మానుకు పట్టి ఉంచే స్లింగ్ గురించి మాత్రం ఎవరూ అడగలేదు. దాని మీద ఉన్న అపోహలే నేను ఎక్కువగా చూశాను.

అపోహ: వంద కిలోల దుంగకు వంద కిలోలు ఆపే కట్టు చాలు.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. కప్పీ మీదుగా వేసిన తాడుకు ఒక కొసన దుంగ వేలాడుతుంది. రెండో కొసను కింద మాను మొదలుకు చుట్టి మనిషి పట్టుకుంటాడు. దుంగ కిందికి లాగుతుంది, దాన్ని ఆపడానికి రెండో కొస కూడా దాదాపు అంతే బలంతో కిందికి లాగుతుంది. రెండూ కలిసి స్లింగ్ మీద పడేది 200 కిలోలు. ఇది కూడా దుంగ కదలకుండా వేలాడుతున్నప్పటి లెక్క.

మానును పైనుంచి కోసుకుంటూ దిగేటప్పుడు కప్పీ కోతకు కిందే ఉంటుంది. కోసిన ముక్క కప్పీని దాటి పడ్డాక గానీ తాడు బిగుసుకోదు. అలా పడే దూరం, కప్పీ నుంచి ముక్క నడిమధ్య దాకా ఉన్న ఎత్తుకు సుమారు రెండింతలు. ఆ కుదుపు ముక్క బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది. 40 సెంటీమీటర్ల అడ్డకొలత, మీటరు పొడవు ఉన్న పచ్చి మామిడి దుంగే సుమారు వంద కిలోలు తూగుతుంది. అందుకే రంపం పళ్లు తగలనంత ఎడం ఉంచి, కప్పీని కోతకు వీలైనంత దగ్గరగా కట్టాలి. ముక్క చిన్నదిగా కోయాలి. కింద ఉన్నవాడు తాడును ఒక్కసారిగా బిగపట్టకూడదు, కొంచెం జారనిస్తూ ఆపాలి. ఈ పని తెలిసిన మనిషి కింద లేకపోతే నేను చెట్టెక్కను.

అపోహ: టింబర్ హిచ్ ముడిని ఎటు లాగినా బిగుస్తుంది.

కవిటి వైపు ఒక పెంకుటింటి మీదికి ఒరిగిన పనసకు నేనే ఈ తప్పు చేశాను. స్లింగ్‌ను మాను చుట్టూ తిప్పి, కప్పీ ఉన్న కొస మీదుగా మలిపి, మిగిలిన తోకను దాని మీదే ఐదు చుట్లు పేనాను. చుట్లన్నీ బాగానే వచ్చాయి. కానీ చేతికి వీలుగా ఉందని, లోడు మలుపుకు ఎదురుగా కాక మలుపు తెరుచుకునే వైపు పడేలా కట్టేశాను. మొదటి కొమ్మ బరువు పడగానే స్లింగ్ మాను చుట్టూ జానెడు తిరిగింది. బెరడు పొర ఊడి, పనస పాలు స్లింగ్ నిండా పూసుకున్నాయి. కింద నుంచి బావమరిది "బావా, కప్పీ తిరిగిపోతంది!" అని అరిచాడు. కొమ్మ చిన్నది కాబట్టి నాలుగు పెంకులతో సరిపోయింది.

స్లింగ్ మాను చుట్టూ ఏ దిక్కుగా తిరిగి వచ్చిందో, మలుపు దగ్గర దానికి ఎదురు దిక్కుకు లోడు లాగాలి. అప్పుడే ఉచ్చు మానును కరిచి పట్టుకుంటుంది. తోక చుట్లు ఒకేచోట కుప్పగా ఉండకూడదు, మాను చుట్టూ పరుచుకోవాలి. సన్నని మానుకు అంత చుట్టుకొలత ఉండదు కాబట్టి అక్కడ ఈ ముడి వద్దు. ఇంకొకటి, బరువు తీయగానే టింబర్ హిచ్ వదులవుతుంది. ప్రతి ముక్కకూ ముందు చేత్తో తడిమి చూసుకోవాలి.

లోడు దిక్కు మారుతుందనిపిస్తే నేను కౌ హిచ్ అనే ఇంకో ముడి వేసి, చివర అర ముడులతో బిగిస్తాను. దీనికి పొడవాటి స్లింగ్ కావాలి గానీ మానును రెండుసార్లు చుట్టి పట్టుకుంటుంది. కొబ్బరికి మరీ అవసరం. మామిడికైతే కోసిన కొమ్మ మొదలు ఒకటి మిగిల్చి, స్లింగ్‌ను దాని పైన కూర్చోబెట్టవచ్చు. కొబ్బరి మానుకు ఆ ఆసరా ఉండదు.

అపోహ: ఎన్ని ముడులు వేస్తే అంత గట్టి.

"ఇంకో రెండు ముళ్లేసేద్దుం బావా, ఏటవుద్ది?" అంటారు కొత్త కుర్రాళ్లు. తాడు ముడి దగ్గర ఒంపు తిరిగి నలుగుతుంది, అక్కడే బలం తగ్గుతుంది. ముడిని బట్టి మూడో వంతు నుంచి సగం దాకా పోవచ్చు. కప్పీ ఉండే కొసకు ముడి కాకుండా, తాడును తాడులోకే పేనిన కన్ను ఉన్న స్లింగ్ కొనడం ఇందుకే.

అపోహ: స్లింగ్‌గా వాడే బెల్టు మీద ఎంత రాసి ఉంటే అంత ఆపుతుంది.

ఊదా రంగు బెల్టు ఒక టన్ను, పచ్చది రెండు టన్నులు. అది నిటారుగా లాగినప్పటి సంఖ్య. ఉచ్చు వేసి బిగిస్తే సుమారు 80 శాతమే లెక్కలోకి తీసుకోవాలి. రెండు కాళ్లుగా, అంటే రెండు పాయలుగా వేలాడదీస్తే బలం రెండింతలవుతుంది గానీ, కాళ్ల మధ్య కోణం పెరిగేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది. కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కో కాలి మీదా మొత్తం బరువు పడుతుంది.

అపోహ: కొమ్మ పంగ ఉండగా కప్పీ ఎందుకు?

పంగలో తాడు రాపిడి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. కిందివాడికి పట్టు కుదరదు, తాడు కాలుతుంది. షామియానాలకు కట్టే ప్లాస్టిక్ తాడైతే మరీ ప్రమాదం. అది సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది, ఎండకు పెళుసుబారుతుంది.

అపోహ: తెగలేదంటే బాగున్నట్టే.

పెద్ద కుదుపు తిన్న స్లింగ్ పైకి బాగానే కనిపిస్తుంది. సాయంత్రం నేను ప్రతి స్లింగ్‌ను వేళ్ల మధ్య పొడవునా లాగి చూస్తాను. ఎక్కడైనా కర్రలా గట్టిపడినా, సన్నబడినా, కరిగి మెరుస్తున్నా అక్కడికక్కడే కత్తితో రెండు ముక్కలు చేస్తాను. మర్నాడు తొందరలో ఎవరూ దాన్ని సంచిలోంచి తీసి వాడకుండా.