చేత్తో ఎందుకు రాయాలి తాతా?

చిరంజీవులు చిన్నమ్మికీ అబ్బోడికీ, ఇంకా ఆ అపార్ట్‌మెంట్లో మీతో ఆడుకునే పిల్లోళ్ళందరికీ తాత దీవించి రాయునది ఏమనగా, ఈడ నేనూ మీ నాయనమ్మా బాగుండాం, ఆడ మీరందరూ బాగుండారని తలుస్తాను.

చిన్నమ్మి మొన్న వాయిస్ మెసేజ్ పెట్టింది. తెలుగు పేపర్లో జవాబులన్నీ కరెక్టేనంట, కానీ రాత కోడి గీకినట్టు ఉందని టీచరమ్మ మార్కులు కోసిందంట, "పెద్దయినాక ఎట్టాగూ అందరూ టైపే గదా చేసేది, నాన్న ఆఫీసులో పెన్నే ముట్టుకోడు, మరి చేత్తో ఎందుకు రాయాలి తాతా" అని. మంచి ప్రశ్న. పెద్దోళ్ళు చెప్పినారు కాబట్టి రాయి అనేస్తే ఒక్క ముక్కలో అయిపోయేది, కానీ అది జవాబు కాదు, తప్పించుకోవడం. మెదడులో ఏ మూల ఏం జరుగుద్దో ఆ శాస్త్రం మాత్రం నన్ను అడగబాకండి. నాకు బాగా తెలిసింది బావి. అందుకని బావి గురించి చెప్తా.

మా ఊరు మార్కాపురం పక్కన గదా, పడమటి మెట్ట, నీళ్ళకి ఎప్పుడూ కటకటే. ఊరంతటికీ ఒకటే మంచినీళ్ళ బావి, దానికో గిలక, చేంతాడు, బొక్కెన. బొక్కెన వదిలినాక చేంతాడు చేతుల్లోంచి జారతా ఉంటే, లోపలికి తొంగి చూడకుండానే నీళ్ళు ఎంత లోతున ఉండాయో చేతికి తెలిసిపోయేది. సంక్రాంతికి నాలుగు బారలు పోతే, శివరాత్రి దాటినాక ఇంకో రెండు బారలు పోయేది, ఉగాదికి అడుగున బండకి తగిలి ఠంగుమనేది. అట్టా తోడుకున్న నీళ్ళని ఎవరూ పారబోసేవాళ్ళు కాదు. బిందె కడిగిన నీళ్ళు కూడా మా అమ్మ కరివేపాకు చెట్టుకి పోసేది, ఎందుకంటే ఒక్కో బొక్కెన వెనకా భుజం నొప్పి ఉందని ఆమెకి తెలుసు.

ఇప్పుడు మన ఇంట్లో మోటరు. స్విచ్ వేసి మీ నాయనమ్మ సీరియల్ ముందు కూర్చుంటది, ట్యాంకు నిండి, పొంగి, గోడెంట కారి, వీధిలోకి పోతా ఉంటే ఎదురింటాయన అరిచినాక గానీ ఎవరికీ గుర్తు రాదు. మోటరు చెడ్డదని నేను అనడంలే, ఆమె నడుం ఈరోజు నిలబడి ఉందంటే ఆ మోటరు పుణ్యమే.

చేత్తో రాయడం బొక్కెనతో తోడటం, టైపు కొట్టడం మోటరు వేయడం, అంతే నేను చెప్పేది. క్లాసులో సారు చెప్తా ఉంటే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నోడు చెప్పిందల్లా పోసుకుంటా పోతాడు, వేళ్ళకి ఆ స్పీడు ఉంది గాబట్టి. పెన్ను పట్టుకున్నోడికి అంత వెసులుబాటు లేదు, సారు మూడు మాటలు చెప్పేలోపు వీడు ఒకటి రాస్తాడు, కాబట్టి ఏది రాయాలి ఏది వదలాలి అని అప్పటికప్పుడు తేల్చుకోవాల, అట్టా తేల్చుకునేటప్పుడే సగం చదువు అయిపోద్ది. 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అని ఇద్దరు కాలేజీ పిల్లల మీద పరీక్ష పెట్టి దాదాపు ఇదే మాట చెప్పినారు, తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే తేడా అంత గట్టిగా కనపడలేదన్నారు. వాళ్ళ గొడవ వాళ్ళు తేల్చుకుంటారు, నేను మాత్రం బావి గట్టు మీదే ఉంటా.

గట్టు అంటే గుర్తొచ్చింది, ఆ గట్టు రాయికి చేంతాడు ఒరుసుకుని ఒరుసుకుని వేలు పట్టేంత గాడి పడింది. రాసేవాళ్ళకి కూడా అట్టాంటి గాడి ఒకటి ఉంటది, ఈసారి వచ్చినప్పుడు నా కుడి చేతి మధ్యవేలు చూడండి, గోరు పక్కన చిన్న కాయ కాసి ఉంటది. ఇంకోటి, అప్పుడప్పుడు తాడు జారి బొక్కెన బావిలో పడిపోయేది, పాతాళగరిగె, అంటే తాడుకి కట్టిన కొక్కేల గుత్తి, వేసి గంటల తరబడి గాలించేవాళ్ళం. రాసేటప్పుడు మాట గుర్తు రాకపోయినా అంతే, పెన్ను మూత కొరుక్కుంటా లోపల్లోపల గాలించుకోవాల. నీ ఫోన్లో ఆ బాధ లేదు, "క్షే" అనేలోపే క్షేమం, క్షేత్రం, క్షేమంగా అని మూడు బొక్కెన్లు ముందే తోడి గట్టు మీద పెడతది, నీకు కావాల్సింది ఆ మూడింట్లో లేకపోయినా సరేలే అని ఒకటి ఎత్తుకుంటావు. ఇంక ఈ పోలిక ఇంతకంటే లాగితే చేంతాడు తెగుద్ది, ఆపుతా.

మీకు తెలుసో లేదో, దేశంలో చాలా మంది పిల్లోళ్ళు అఆలు దిద్దుకున్న పలక మన మార్కాపురం నుంచే పోయింది. చుట్టుపక్కల నేల కిందంతా పలకరాయి, పొరలు పొరలుగా చీలుద్ది. క్వారీలో తీసిన బండని చీల్చి, కోసి, నున్నగా అరగదీసి, చుట్టూ చెక్క బద్దలు బిగించి లారీలకి ఎత్తేవాళ్ళు. తర్వాత తర్వాత నోటు పుస్తకాలు చవకయినాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చినాయి, రాత పలకల పని తగ్గిపోయింది, ఇప్పుడు ఆ రాయే గోడలకీ ఫ్లోరింగుకీ టైల్స్ అయ్యి ఫారిన్ పోతా ఉంది. ఎవరో దొరల ఇంట్లో బాత్రూం గోడ మీద మన ఓనమాలు దిద్దాల్సిన రాయి ఉందంటే నాకు నవ్వూ వస్తది, కొంచెం కడుపులో తిప్పినట్టూ ఉంటది.

మా చిన్నప్పుడు పలక నల్లగా మెరవాలని బొగ్గు నూరి దొండాకు పసరుతో కలిపి రుద్దేవాళ్ళం. బలపం సగం రాసేవాళ్ళం, సగం తినేవాళ్ళం. ఉమ్మి పెట్టి తుడిస్తే సరస్వతికి కోపం వస్తదని అయ్యవారు చెప్పేవాడు, అయినా ఆయన అటు తిరగ్గానే అదే పని. మా నాయన నా వెనక గొంతుక్కూర్చుని నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని "అ" దిద్దించేవాడు. మడక పట్టే చెయ్యి గదా, నా వేళ్ళు నలిగిపోయేవి. ఆయనకి వచ్చింది సంతకం వరకే, అది కూడా ఆగి ఆగి పెట్టేవాడు. కానీ నా "అ" ఇప్పటికీ ఆయన దిద్దించినట్టే ఎడమ పక్క కొంచెం పొట్ట పెద్దగా వస్తది, మీ నాన్నదీ అట్టాగే వస్తది, చిన్నమ్మీ, నీది కూడా చూసుకో.

నాకు కాస్త రాయడం వచ్చినాక ఊళ్ళో ముసలమ్మలందరికీ నేనే రాయసగాణ్ణి. కార్డు ముక్క చేతిలో పెట్టి కొడుక్కి రాయమనేవాళ్ళు. వాళ్ళు చెప్పేది పుస్తకమంత, కార్డు ఉండేది అరచేయంత. గేదె ఈనింది, కోడలికి నీళ్ళాడే రోజులు దగ్గర పడినాయి, పక్కింటోళ్ళతో గట్టు తగాదా, అన్నీ చెప్పి చివర్లో "డబ్బులు పంపమని మాత్రం రాయబాకయ్యా, వాడే అర్థం చేసుకుంటాడు" అనేది ఒకామె. అది రాయకుండా అర్థమయ్యేటట్టు ఎట్టా రాయాలో మీరు ఒకసారి ప్రయత్నం చేయండి, తెలుస్తది. పెళ్ళి కబురైతే నాలుగు మూలలా పసుపు పూసేవాళ్ళం, చావు కబురైతే మూల చించేవాళ్ళు, చదువు రానోళ్ళకి కూడా పోస్ట్‌మ్యాన్ చేతిలో ఉండంగానే సంగతి తెలిసిపోయేది.

ఆ రోజుల్లో టైపు కొట్టిన కాగితం ఇంటికొచ్చిందంటే భయం. అప్పు నోటీసో, కోర్టు సమనో, ఏదో ఒకటి. మా నాయనకి ఒకసారి అట్టాంటిది వస్తే చదివించుకోకుండానే రెండు పూటలు అన్నం తినలేదు. ఇప్పుడు తిరగబడింది, పుట్టినరోజు విషెస్ దగ్గర్నుంచి పాల లెక్క దాకా అన్నీ టైపే, చేత్తో రాసిన చీటీ ఒకటి కనిపిస్తే ఎవరు రాసినారబ్బా అని అందరూ తిప్పి తిప్పి చూస్తారు.

అట్టాగని నేను టైపుకి శత్రువుని కాదు. ఒంగోల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లో చేరి లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ పాసైనోణ్ణి. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. అక్షరాలు చూసుకుంటా కొడతామని మాస్టారు మా వేళ్ళ మీద తువ్వాలు కప్పేవాడు. ఏ ఎస్ డి ఎఫ్, ఏ ఎస్ డి ఎఫ్ అని పొద్దస్తమానం కొట్టి రాత్రి నిద్దట్లో కూడా మంచం పట్టె మీద వేళ్ళు ఆడించేవాణ్ణి. ఆ బటన్ల వరస 1870ల్లో అమెరికాలో షోల్స్ అనే ఆయన కుదిర్చింది, 1874లో రెమింగ్టన్ వాళ్ళు అమ్మకానికి తెచ్చినారు, వాళ్ళు అప్పటిదాకా తుపాకులూ కుట్టుమిషన్లూ చేసే కంపెనీ. ఆ మిషను పెద్దక్షరాలు మాత్రమే కొట్టేది, అంటే మీరు వాట్సాప్‌లో అరిచినట్టు అన్నమాట. మీ నాన్న కంప్యూటర్లో ఇప్పటికీ దాదాపు అదే వరస. ఎఫ్ మీదా జె మీదా వేలు పెట్టి తడమండి, చిన్న గీత మిట్టగా తగుల్తది, అది కళ్ళు మూసుకుని కొట్టేవాళ్ళ చూపుడువేళ్ళకి ఇంటి గుర్తు.

అంత కష్టపడి పది వేళ్ళకీ పని నేర్చుకుంటే, మీరు రెండు బొటనవేళ్ళతో కానిచ్చేస్తా ఉండారు. మా ఊళ్ళో బొటనవేలు ముందుకు పెట్టేవాణ్ణి "వేలిముద్రగాడు" అని ఎగతాళి చేసేవాళ్ళు, చదువు రాదని. ఇప్పుడు ఎం.టెక్ చదివినోడూ బొటనవేలితోనే రాస్తాడు, రేషన్ షాపులో, సిమ్ కార్డు కాడ, నా పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కాడ అందరం వేలిముద్రగాళ్ళమే.

చేతిరాత అంతా గొప్పదేం కాదు కూడా. డాక్టర్ల రాత సంగతి మీకు తెలుసు, మందుల షాపు కుర్రాడికి తప్ప దేవుడికి కూడా అర్థం కాదు. అందుకే 2016లో మెడికల్ కౌన్సిల్ రూలు మార్చి, మందు పేరు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమనింది. మందు చీటీ, అర్జీ, అడ్రసు, పదిమంది చదవాల్సిందేదైనా శుభ్రంగా టైపు చేయండి, అక్కడ నీ పొట్ట "అ" ఎవరికీ అక్కర్లేదు. నీకు గుర్తుండాల్సిందీ, ఒక్క మనిషికి చెప్పాల్సిందీ మాత్రం పెన్నుతో రాయి. టీచరమ్మ మార్కులు కోసినందుకు అలగబాక, ఆమె నలభై మంది గీకుళ్ళు రాత్రిళ్ళు కూర్చుని చదవాల.

మైకు నొక్కి చెప్తే ఫోనే రాసుకుంటది గదా అని అబ్బోడు అంటాడు, నాకు తెలుసు. ఆ భోగం మన నెల్లూరు తిక్కన్న గారికి 13వ శతాబ్దంలోనే ఉండేదంట. ఆయన భారతం పద్యాలు ఆపకుండా చెప్తా ఉంటే గురునాథుడనే ఆయన గంటం పట్టుకుని తాటాకు మీద ఆపకుండా రాసేవాడని కథ చెప్తారు. పద్యం చెప్పటం ఎంత గొప్పో ఆ వేగాన్ని తాటాకు చిరగకుండా అందుకోవటం కూడా అంత గొప్పే అని నాకనిపిస్తది, మన అక్షరాలు ఇట్టా గుండ్రంగా తిరిగింది కూడా ఆకు ఈనె వెంట అడ్డగీత లాగితే చీలిపోద్దనే అంటారు.

ఇంక అసలు సంగతి, నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపెట్టేది ఒకటుంది, దాన్ని పూర్తిగా విప్పి చెప్పటం నాకు చేతకాదు, మీరే చూడాల. కాగితం మీద "స్త్రీ" అని రాయండి. మీ చెయ్యి ఏం చేస్తదో గమనించండి. ముందు స, దాని నెత్తిన గుడి దీర్ఘం, అంటే "సీ" అయిపోయింది, ఆ తర్వాత కింద త వత్తు, చివర ర వత్తు. ఇప్పుడు నోటితో అనండి. ఆ దీర్ఘం చిట్టచివర వస్తది గదా! చెయ్యి ముందే పెట్టేసిన దాన్ని నోరు ఆఖర్న పలుకుతా ఉంది. ఇప్పుడు ఫోన్లో తెలుగు అక్షరాలు కనపడే కీబోర్డు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది కాదు, అదే మాట కొట్టండి. స, పొల్లు, త, పొల్లు, ర, ఆఖర్న దీర్ఘం, ఆరు నొక్కులు. ఫోను చెవి మాట వింటది, చెయ్యి కంటి మాట వింటది, రెండు దార్లలో పోయి ఒకటే అక్షరం కాడికి చేరతాయి. ఇన్నేళ్ళు టైపు కొట్టి, ఇన్నేళ్ళు రాసి, ఈమధ్య ఫోన్ చేతికొచ్చినాక గానీ నేను దీన్ని గమనించలా.

ఇప్పుడు బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కటే నిదానంగా నొక్కుతా ఏది ముందు పోతదో చూడండి. అది అయినాక మీ నాయనమ్మ పేరు "లక్ష్మి" కాగితం మీద ఒకసారి, ఫోన్లో ఒకసారి రాసి, గుడి ఎక్కడెక్కడ పడిందో, మొత్తం ఎన్ని నొక్కులైనాయో నాకు చెప్పండి. అబ్బోడు లెక్క తప్పు చెప్తాడు, క్ష ఒకటే అనుకుంటాడు, చిన్నమ్మీ నువ్వు ముందే అందించబాక.

ఇట్లు,
మీ తాత