పక్కకు నడిచిందల్లా ఎండ్రకాయ సాలీడు కాదు

తంగేడు పూల మీద సీతాకోకచిలుక ఒరిగి వేలాడుతోంది, చెయ్యి దగ్గర పెట్టినా ఎగరడం లేదు అంటే పువ్వు అడుగున చూడండి. పసుపు రేకల్లో కలిసిపోయిన సాలీడు దాని మెడ పట్టుకుని ఉండొచ్చు. దీని కోరలకు పళ్లుండవు, ఎరను నమలదు. చిన్న రంధ్రం చేసి లోపలి రసం పీల్చేస్తుంది. అందుకే చచ్చిన పురుగు పైకి చెక్కుచెదరకుండా, బతికున్నట్టే కనిపిస్తుంది.

ఇదే ఎండ్రకాయ సాలీడు, ఎండ్రకాయలా పక్కకు నడుస్తుంది. దీనిది థోమిసిడే కుటుంబం. 1833లో స్వీడన్ శాస్త్రవేత్త సుండెవాల్ పెట్టిన పేరు. ఇందులో దాదాపు 170 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), 2,100కు పైగా జాతులు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. వేటకు గూడు అల్లవు, పొంచి ఉంటాయి.

పక్క నడక ఒక్కటే చూస్తే పొరపాటు పడతాం. ఫిలోడ్రోమిడే అనే మరో కుటుంబం సాలీళ్లూ అలాగే నడుస్తాయి. చాలాకాలం వాటిని థోమిసిడేలోనే ఉపకుటుంబంగా ఉంచారు. తేడా కాళ్లలో ఉంది. థోమిసిడేకు ముందు రెండు జతలు పొడవు, లావు. వెనక రెండూ పొట్టి. ఫిలోడ్రోమిడేకు కాళ్లన్నీ ఇంచుమించు సమానం, రెండో జతే కాస్త పొడవు. గోళ్ల కింద వెంట్రుకల కుచ్చులుంటాయి కాబట్టి నున్నటి ఆకు మీదా పరుగెత్తుతాయి. ఇక హైదరాబాద్ ఇళ్లలో బాత్రూం గోడ మీద కనిపించే అరచేతంత సాలీడు మూడో కుటుంబం, స్పరాసిడే. పేరు హెటెరోపోడా వెనటోరియా. ఓడల సరుకుతో ఉష్ణమండలమంతా పాకింది. బొద్దింకలు తింటుంది, చీపురు తీయకండి.

ఎండ్రకాయ సాలీళ్లను చూడాలంటే తెల్ల గొడుగు తిరగేసి పొద కింద పట్టి, కొమ్మను కర్రతో రెండు మూడు సార్లు కొట్టండి. వెంటనే ఏమీ లేదనుకోవద్దు, పడ్డవి కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉంటాయి. ఒక నిమిషం ఆగండి. తెల్ల సాలీడు తెల్ల గుడ్డ మీద కనబడదు, నల్లగుడ్డ కూడా దగ్గరుంచుకోండి. 10 రెట్ల లెన్సుతో చూస్తే ఎనిమిది కళ్లు రెండు వరసల్లో, పక్క కళ్లు బుడిపెల మీద ఉంటాయి. థోమిసస్ ప్రజాతిలో ఆ బుడిపెలు కొమ్ముల్లా పొడుచుకొస్తాయి. హైదరాబాద్‌లోని కేబీఆర్ లాంటి జాతీయ పార్కుల్లో మాత్రం ఫోటోతో సరిపెట్టుకోండి.

రంగు చూసి జాతి పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. మిసుమెనా వాటియా అనే ఎండ్రకాయ సాలీడులో ఆడది పసుపు పువ్వు మీదికి చేరితే 10 నుంచి 25 రోజుల్లో పసుపెక్కుతుంది, తిరిగి తెల్లబడడానికి ఆరు రోజుల దాకా పడుతుంది. భద్రపరచడానికి ఆల్కహాల్‌లో వేస్తే రంగులు వెలిసిపోతాయి. థోమిసస్ మగది 2-3 మిల్లీమీటర్లే, ఆడదాని పక్కన వేరే జాతిలా ఉంటుంది. ఎదిగిన జీవుల జననాంగాలు చూడనిదే చాలా జాతులు తేలవు. పైగా ఆ మిసుమెనా ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ ప్రాంతాలది. దక్కన్ ఫోటోల కింద ఆ పేరు కనిపిస్తే అది ఎక్కువగా థోమిసస్సే.

విస్తరణ ఎరను బట్టి కూడా ఉంటుంది. అమిసియా ఫోర్టిసెప్స్ అనే ఎండ్రకాయ సాలీడు ఇండియా నుంచి చైనా, ఆగ్నేయాసియా దాకా ఉంది. మామిడాకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలే దీని తిండి. ఒంటిరంగు చీమదే, పొట్ట చివర రెండు నల్ల చుక్కలు. చీమ కళ్లనుకుని మనం చూసేది దాని వెనకభాగం.