మిగిలిన చికెన్‌తో చైనీస్ వంటలు: అపోహలు - వాస్తవాలు

చైనీస్ వంటలు నేర్పుతుంటాను. క్లాసులో నన్ను ఎక్కువగా అడిగేది ఫ్రిజ్‌లో మిగిలిపోయిన చికెన్ గురించే. ఉడికిన మాంసాన్ని పచ్చి మాంసంలా చూడటం వల్లే చాలామందికి వంట చెడుతోంది. ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: మిగిలిన ముక్కలకు కూడా కార్న్‌ఫ్లోర్, గుడ్డు తెల్లసొన పట్టించి వేయించాలి.

పచ్చి ముక్కలకు ఆ పూత ఎందుకంటే, మంట నేరుగా తగలకుండా, లోపలి నీరు మరీ ఎక్కువగా బయటికి పోకుండా ఆపడానికి. ఉడికిన ముక్కలో పోవాల్సిన నీరు ముందే పోయింది. దాన్ని మళ్లీ అయిదు నిమిషాలు పెద్ద మంట మీద వేయిస్తే మిగిలిన కాస్త తడీ ఆవిరైపోయి రబ్బరులా సాగుతుంది. బ్రెస్ట్ పీస్ అయితే మరీనూ. లెగ్ పీస్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి కొంచెం తట్టుకుంటుంది.

అందుకే వరస మార్చండి. ముందు నూనెలో అల్లం, వెల్లుల్లి, ఆ తర్వాత కూరగాయలు, ఆపైన సాస్. కార్న్‌ఫ్లోర్ వాడాలనుకుంటే చల్లటి నీళ్లలో కలిపి సాస్‌లోనే పోసి, చిక్కబడేదాకా ఉడకనివ్వండి. చికెన్ అన్నిటికంటే చివర్లో పడాలి. ముక్క లోపలి దాకా పొగలు కక్కేంత వేడెక్కితే చాలు. థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్ చూసుకోండి. ఇంకో మాట, ముక్కల్ని కత్తితో కోయకండి, పీచు వెంట చేత్తో చీల్చండి. చీల్చిన చోట గరుకుగా ఉండి సాస్ పట్టుకుంటుంది. కత్తితో కోసిన నున్నటి ముక్క మీద నుంచి సాస్ జారిపోతుంది.

అపోహ: మర్నాడు చికెన్‌కు అదోరకం వాసన వస్తే పాడైపోయినట్టే.

కోడి మాంసంలోని కొవ్వు వండాక గాలి తగిలి త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. మాంసంలో ఉండే ఇనుము దాన్ని ఇంకా వేగిరపరుస్తుంది. మళ్లీ వేడి చేసినప్పుడు వచ్చే ఆ పాత వాసన చాలాసార్లు అదే. అల్లం, ఉల్లికాడలు, సోయా సాస్ దాన్ని బాగా అణచేస్తాయి. మిగిలిన చికెన్‌కు చైనీస్ రుచులు ఇంతగా నప్పడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

అయితే వాసన బాగుంది కదా అని ధైర్యపడకండి. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉన్నా వాసనలో తేడా తెలియదు. ముక్కును కాదు, గడియారాన్ని నమ్మండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, ఫ్రిజ్ 4 డిగ్రీలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న భయం కూడా వద్దు. లోతు తక్కువ గిన్నెల్లో పలచగా సర్దితే త్వరగా చల్లబడుతుంది.

అపోహ: ఎంతసేపు బయట ఉన్నా, బాగా మరిగిస్తే ఏం కాదు.

దీనికి మాత్రం గట్టిగా చెబుతాను, వద్దు. మరిగిస్తే బ్యాక్టీరియా చావొచ్చు. కానీ స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం వేడికి పోదు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ వదిలే, వాంతులు తెప్పించే విషం కూడా అంతే. ఫ్రైడ్ రైస్‌కు రాత్రి అన్నం వాడేవాళ్లు ఆ అన్నాన్ని కూడా వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

అపోహ: మిగిలిన చికెన్‌ను వేడి చేయకపోతే చైనీస్ వంట కాదు.

చైనాలోని సిచువాన్‌లో బ్యాంగ్ బ్యాంగ్ చికెన్ చల్లగానే తింటారు. ఉడికించిన కోడి మాంసాన్ని కర్రతో కొట్టి వదులు చేసి, పీచులుగా చీల్చి, సాస్ పోస్తారు. పాత వాసన బయటపడేది ఎక్కువగా మళ్లీ వేడి చేసినప్పుడే కాబట్టి, సరిగ్గా నిల్వ చేసిన చికెన్‌కు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. పావు కిలో చికెన్‌కు రెండు టేబుల్ స్పూన్ల నువ్వుల ముద్ద తీసుకుని గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా కలపండి. మొదట ముద్ద బిగుసుకుపోతుంది, చెడిపోయిందేమో అనిపిస్తుంది. ఆగకుండా ఇంకో చెంచా నీళ్లు పోసి తిప్పండి. రంగు తేలి, నున్నగా జారుతుంది. అప్పుడు ఒక టేబుల్ స్పూన్ లైట్ సోయా సాస్, చెంచాడు వెనిగర్, చెంచాడు పంచదార, రుచికి తగ్గ మిరప నూనె. అడుగున కీరా తరుగు పరవండి.

అపోహ: అజినమోటో విషం.

1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి ఈ రుచినిచ్చే గ్లూటమేట్‌ను వేరు చేశారు. దీని మీద అనుమానం ముదిరింది, చైనీస్ భోజనం తిన్నాక తిమ్మిరి, నీరసం, గుండె దడ వస్తున్నాయంటూ 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో. తర్వాత జరిగిన పరీక్షల్లో, ఏది తింటున్నారో తెలియకుండా పెట్టినప్పుడు, ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. ఉప్పుతో పోలిస్తే దీనిలో సోడియం మూడో వంతే. చిటికెడు వేస్తే ఉప్పు తగ్గించుకోవచ్చు. ఇష్టం లేకపోతే మానేయండి, సోయా సాస్‌లో సహజంగానే అదే గ్లూటమేట్ ఉంది.

అపోహ: మాంసం అయిపోయాక ఎముకలతో పనేం లేదు.

బాతయినా, టర్కీ అయినా, కోడి అయినా ఎముకల్ని అల్లం ముక్కలు, ఉల్లికాడలతో గంటన్నర సన్న మంట మీద ఉడికించి వడకట్టండి. కప్పు బియ్యానికి పది కప్పుల ఆ నీళ్లు పోసి, గింజ విచ్చుకుని జారుగా అయ్యేదాకా కలుపుతూ ఉడికిస్తే కాంజీ తయారు. వడ్డించే ముందు చీల్చిన చికెన్ వేసి బాగా వేడెక్కనివ్వండి. ఎముకలకు పట్టిన మసాలాలో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి, రుచి చూశాకే ఉప్పు వేయండి.