కుక్కకాటు మందు కొరతగా ఉంటే ముందు ఎవరికి? అపోహలు - వాస్తవాలు

అపోహ: క్యూలో ముందున్నవాళ్లకే ముందు సూది, అదే న్యాయం.

వాస్తవం: చూడాల్సింది ఓపీ చీటీ నంబరు కాదు, గాయం. గాయం లేని చర్మాన్ని కుక్క నాకితే సబ్బుతో కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. రక్తం రాని గీరుడుకు టీకా వేయాలి. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకోవడానికి గాయంలో వేసే, ముందే తయారైన ప్రతిరక్షకాల మందు) కూడా ఇవ్వాలి. అక్కర్లేని మనిషికి పొద్దున్నే వేసేస్తే, ఆదోని పక్క పల్లె నుంచి పదకొండింటికి బస్సు దిగే బిడ్డకు మిగలదు. ఎవరి సిఫార్సు ఫోన్ వచ్చినా ఈ వరుస మారకూడదు. అనంతపురం నుంచి మందతో కర్నూలు వైపు వచ్చిన గొర్రెల కాపరిని "మీ మండలంలో వేయించుకో పో" అని పంపడమూ అన్యాయమే.

అపోహ: చర్మంలో వేసే 0.1 మి.లీ. టీకా పేదోళ్లకిచ్చే అరకొర మందు.

వాస్తవం: చర్మంలో రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి తక్కువ మందుతోనే పూర్తి రక్షణ వస్తుంది. 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకూ 0.1 చొప్పున వేస్తే కోర్సు మొత్తానికి 0.8 మి.లీ. సరిపోతుంది. కండకు వేస్తే ఐదు వయల్స్ (మందు సీసాలు) కావాలి. 1 మి.లీ. వయల్ ఒక పూటకు ఐదుగురికి వస్తుంది. వేసిన చోట శనగగింజంత బొబ్బ లేవాలి. లేవకపోతే మందు చర్మం కిందికి దిగినట్టే, పక్కనే మళ్లీ వేయాలి.

పొడిలో ద్రావణం కలిపిన టీకా వయల్‌ను 2-8 డిగ్రీల్లో ఉంచి 6-8 గంటల్లో వాడేయాలి. అందుకని "ఒక్కరే ఉన్నారు, రేపు రండి" అనడం ప్రాణాలతో ఆట. మిగిలింది పారేయాల్సి వచ్చినా సరే, కొత్త కాటుకు ఆరోజే వేయాలి. లక్షణాలు మొదలైతే రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. వృథా తగ్గాలంటే 3, 7, 28 రోజుల వాళ్లందరినీ ఒకే పూటకు రమ్మనండి.

అపోహ: బరువు లెక్కన వచ్చిన ఇమ్యునోగ్లోబులిన్ అంతా ఒకరికే ఎక్కించాలి.

వాస్తవం: గుర్రపు సీరంతో చేసినదానికి కిలోకు 40 యూనిట్లన్నది దాటకూడని హద్దు మాత్రమే. 15 కిలోల బిడ్డకు 600 యూనిట్లు, అంటే మి.లీ.కు 300 యూనిట్లున్న వయల్‌లో 2 మి.లీ. గాయం లోపల, చుట్టూ పట్టినంతే వేయాలి. వేలి గాయంలో బలవంతంగా నింపితే రక్తప్రసరణ దెబ్బతింటుంది. మిగిలింది తుంటికి పొడవాల్సిన పనిలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. శుభ్రంగా వేరే సిరంజిలోకి తీస్తే అదేరోజు ఇంకొకరికి పనికొస్తుంది. ముఖమంతా గాట్లుండి మందు చాలకపోతే సెలైన్‌తో పలచన చేసి అన్ని గాయాలకూ అందించాలి.

కొరతలో ముందు తల, మెడ, చేతుల గాయాలు, లోతైన కాట్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు. మొదటి టీకా పడి 7 రోజులు దాటితే ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. గతంలో కోర్సు పూర్తిచేసినవాళ్లకూ అంతే, వాళ్లకు టీకా కూడా 0, 3 రోజుల్లోనే.

అపోహ: మందు లేకపోతే పెద్దాసుపత్రికి రాసిచ్చి పంపడమే మన పని.

వాస్తవం: ముందు ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగించండి. కారం, సున్నం పెట్టి ఉంటే కడిగేయండి. తర్వాత స్టాక్ ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కుని, ఆ పేరు చీటీ మీద రాసి పంపండి.